గట్టు మీద ఎండలో పనికొచ్చే గ్రాఫింగ్ కాలిక్యులేటర్

సమీకరణాన్ని తెర మీద వంపుగా గీసి చూపించే గ్రాఫింగ్ కాలిక్యులేటర్ మన కొట్లలో దాదాపు దొరకదు. జేఈఈకి ఏ కాలిక్యులేటర్‌నూ లోపలికి రానివ్వరు. గేట్‌లో కంప్యూటర్ తెర మీదే ఒకటి చూపిస్తారు. ఇంజనీరింగ్ పరీక్షల్లో ప్రోగ్రామ్ రాసుకునే వీలున్నది తేకూడదంటారు. అందుకే నెల్లూరు ట్రంక్ రోడ్డులో అడిగినా ఒంగోలులో అడిగినా చేతికిచ్చేది గ్రాఫు గీయని క్యాసియో ఎఫ్ఎక్స్-991 వరసలోదే. అమెరికాలో పరీక్షలకు అనుమతి ఉంది, అందుకే 2004లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ (టీఐ) తెచ్చిన టీఐ-84 ప్లస్ వంశం ఇంకా నడుస్తోంది. ఇక్కడ రాకుండా ఆపిందీ, అక్కడ ఎదగకుండా ఆపిందీ పరీక్ష హాలే. 2020లో టీఐ-84 ప్లస్ సీఈలో అసెంబ్లీ, సీ ప్రోగ్రాములు నడిచే దారిని కంపెనీయే మూసేసింది. సొంతదారు ఆ భాషల్లో రాసిన ప్రోగ్రామును నడపనివ్వని యంత్రాన్ని ప్రోగ్రామబుల్ అనడానికి నాకు మనసొప్పదు.

పరీక్షను పక్కనబెట్టి, పని చేసుకునే మనిషి కోసం తయారుచేస్తే ఎలా ఉండాలి? విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల గుంటల్లో నీళ్ళు పరీక్షించే టెక్నీషియన్, సోమశిల కాలువల మీద లెవెల్స్ తీసే ఇంజనీరు, చీమకుర్తి క్వారీలో బ్లాకులు కొలిచే సూపర్‌వైజరు. వీళ్ళకు రంగుల తెర అక్కర్లేదు. వచ్చిన జవాబు తప్పైతే ఆ తప్పు ఎక్కడ పుట్టిందో తెలియాలి, వీలైతే పుట్టకముందే ఆగాలి. నేను ఊహించే యంత్రంలో ప్రతి భాగాన్నీ ఈ ఒక్క గీటురాయి మీదే గీసి చూస్తాను.

ముందు అంకెల సంగతి. కంప్యూటర్లు వాడే, 0, 1లతోనే రాసే బైనరీ పద్ధతిలో 0.1కి సరైన రూపమే లేదు. అందుకే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. మంచి కాలిక్యులేటర్లు మొదటినుంచీ దశాంశ పద్ధతిలోనే లెక్కిస్తున్నాయి. హెచ్‌పీ 50జీలో 12 అంకెలు, టీఐ-84లో లోపల 14. ఇవి చాలవా అంటే చాలా పనులకు చాలు. ఎక్కడ చాలవో చూద్దాం.

జీపీఎస్ రోవర్‌తో పొలం మూలలు తీశారనుకోండి. భూమిని జోన్లుగా విడగొట్టి స్థానాన్ని మీటర్లలో చెప్పే యూటీఎం పద్ధతిలో నెల్లూరు చుట్టుపక్కల 44వ జోన్. అందులో తూర్పు విలువ 3,90,000 మీటర్ల చిల్లర, ఉత్తర విలువ 15,96,000 చిల్లర ఉంటుంది. మూలల కోఆర్డినేట్ల నుంచి విస్తీర్ణం కట్టడానికి అడ్డంగా గుణించి తీసివేసే సూత్రం వాడతాం. ఒక్కో గుణకారం 6 పక్కన 11 సున్నాలంత పెద్దది. 12 అంకెల యంత్రంలో అక్కడికే అంకెలు అయిపోతాయి, చదరపు మీటరు దగ్గరే ఆగిపోయి చిల్లరంతా పోతుంది. నాలుగు మూలల స్థలానికి ఎనిమిది గుణకారాలు, ఒక్కోదానిలో అర చదరపు మీటరు దాకా తేడా, చివర్లో సగం చేస్తాం కాబట్టి మొత్తం 2 చదరపు మీటర్ల దాకా తప్పు రావచ్చు. అది నెల్లూరు అంకణంలో, అంటే 72 చదరపు అడుగుల్లో, మూడో వంతుకు కాస్త తక్కువ. ఇదే లెక్కను 32 బిట్ల బైనరీ సంఖ్యలతో చేస్తే ఇక అడగక్కర్లేదు. చిన్న బోర్డుల మీద నడిచే మైక్రోపైథాన్‌లో చాలాచోట్ల ఉండేవి ఆ 32 బిట్లే. ఆ పరిమాణంలో పక్కపక్క సంఖ్యల మధ్య దూరం 65,536. ఒక్క గుణకారంలోనే 32,768 చదరపు మీటర్లు, అంటే 8 ఎకరాల దాకా, అటూ ఇటూ అయిపోవచ్చు. పైగా ఉత్తర కోఆర్డినేటు గుణించకముందే 12.5 సెంటీమీటర్ల మెట్లలో కూర్చుంటుంది.

దీనికి మందు తేలికే: మొదటి మూలను సున్నా చేసుకుని మిగతా మూలలన్నిటి నుంచీ దాన్ని తీసేసి లెక్కించాలి. ఉదాహరణకు (0, 0), (62, 4), (70, 48), (5, 55) మీటర్లు తీసుకుంటే విస్తీర్ణం 3,153 చదరపు మీటర్లు, సుమారు 77.9 సెంట్లు, 471 అంకణాలు. ఎనిమిది అంకెల దుకాణపు కాలిక్యులేటర్‌లో కూడా ఇది తప్పు రాదు. అయితే ఈ మందు అందరికీ తెలిసి ఉంటుందని యంత్రం అనుకోకూడదు. 2017లో స్విస్‌మైక్రోస్ తెచ్చిన డీఎం42లో 34 అంకెల దశాంశ గణితం ఉంది. నా ఊహా యంత్రానికి అదే కనీసం. తెర మీద 6 అంకెలు చాలు, లోపల 34 ఉండాలి.

కొనేముందు ఏ యంత్రాన్నైనా రెండు పరీక్షలతో చూడొచ్చు. డిగ్రీల్లో పెట్టి 9కి వరసగా సైన్, కాస్, టాన్ కట్టి, తర్వాత ఆర్క్‌టాన్, ఆర్క్‌కాస్, ఆర్క్‌సైన్ కట్టండి. మళ్ళీ 9 రావాలి. ఎన్నో అంకె దగ్గర చెదిరిందో అదే దాని లోపలి ఖచ్చితత్వానికి గుర్తు. రెండోది: ఎక్స్ స్క్వేర్ మైనస్ 10,00,00,000 ఎక్స్ ప్లస్ 1 సున్నాకు సమానం. బడిలో నేర్పిన సూత్రాన్ని ఉన్నదున్నట్టు కొడితే 12 అంకెల యంత్రంలో చిన్న మూలం సున్నా అని వస్తుంది. నిజానికి అది 0.00000001. దాదాపు సమానమైన రెండు పెద్ద సంఖ్యలను తీసివేస్తే అసలు సమాచారమంతా తుడిచిపెట్టుకుపోతుంది. ముందు పెద్ద మూలం కట్టి, 1ని దానితో భాగిస్తే చిన్నది సరిగ్గా వస్తుంది. నేను కోరుకునే యంత్రం ఇలా అంకెలు పోయినప్పుడు జవాబు పక్కన చిన్న గుర్తు వేసి, ఎన్ని అంకెలు నమ్మొచ్చో చెప్పాలి. ప్రతి సంఖ్యతో పాటు దాని కింది హద్దూ పై హద్దూ మోసుకెళ్ళే ఇంటర్వల్ గణితం కొత్తదేమీ కాదు. ఇప్పటి చిప్పులకు అది భారమూ కాదు.

గ్రాఫు దగ్గర అబద్ధాలు ఇంకా ఎక్కువ, పైగా అందంగా ఉంటాయి. టీఐ-84 ప్లస్ తెరకు 96 చుక్కల వెడల్పు, గ్రాఫుకు వాడేది 95. ఎక్స్ మైనస్ 10 నుంచి 10 దాకా పెడితే చుక్కకూ చుక్కకూ మధ్య 0.2128. అందులో రేడియన్లలో సైన్ 30ఎక్స్ గీయమనండి. ఆ మేరలో నిజంగా 95 పైచిలుకు అలలుండాలి. తెర మీద తీరిగ్గా సాగే ఒకటిన్నర అల కనబడుతుంది. చుక్కల దగ్గర మాత్రమే విలువ చూసి మధ్యలో గీత కలిపేస్తే జరిగేది ఇదే. టాన్ గ్రాఫులో లేని నిలువు గీతలు వచ్చేదీ ఈ కారణంతోనే. నా యంత్రం చుక్కల మధ్య ఉన్న ముక్క మొత్తానికి ఇంటర్వల్ గణితంతో హద్దులు కట్టాలి. వంపు తెలిసినచోట గీత, తెలియనిచోట బూడిద రంగు పట్టీ. బూడిద కనబడితే దగ్గరికి లాగి చూడాలని మనిషికి అర్థమవుతుంది. గీయడం రెండు సెకన్లు ఆలస్యమైనా ఫర్వాలేదు.

గ్రాఫు నిజంగా ఎక్కడ అక్కరకొస్తుందో చెప్పాలంటే గుంటలో అమ్మోనియా కంటే మంచి ఉదాహరణ నాకు తోచడం లేదు. కిట్ చూపించేది మొత్తం అమ్మోనియా. రొయ్యకు విషమయ్యేది అందులో అయాన్‌గా మారని భాగం. ఆ భాగం ఉష్ణోగ్రతతోనూ, అంతకంటే ఎక్కువగా పీహెచ్‌తోనూ మారుతుంది. 30 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 7.5 దగ్గర అది 2.5 శాతం, 8.5 దగ్గర 20 శాతం. అంటే ఉదయం లీటరుకు 1 మిల్లీగ్రాము చూపిన గుంటలో విషభాగం 0.025. మధ్యాహ్నం నాచు కిరణజన్య సంయోగక్రియతో పీహెచ్ పెంచితే, కిట్ అదే 1 చూపిస్తున్నా, విషభాగం 0.2. ఎనిమిది రెట్లు. అడ్డంగా పీహెచ్ 7 నుంచి 9.5, నిలువుగా శాతం పెట్టి ఒకేసారి 26, 30, 34 డిగ్రీల వంపులు గీస్తే, ఎక్కడ కొండెక్కుతుందో కంటికి కనబడుతుంది. పట్టికలో అది తెలియదు. ఈ శాతాలు మంచినీటి సూత్రంతో కట్టినవి. ఉప్పు పెరిగేకొద్దీ శాతం కొంచెం తగ్గుతుంది, కాబట్టి ఉప్పు గుంటకు ఈ లెక్క జాగ్రత్త వైపే ఉంటుంది.

ఇక సమీకరణం విప్పే సాల్వర్. 1979లో హెచ్‌పీ-34సీలో ప్రొఫెసర్ విలియం కహాన్ పెట్టిన సాల్వ్ కీ దీనికి మూలపురుషుడు. కాలువ లెక్కతో చూద్దాం. అడుగు వెడల్పు 3 మీటర్లు, పక్కలు ఒకటిన్నరకు ఒకటి వాలు, మట్టి కాలువ కాబట్టి మ్యానింగ్ గుణకం (కాలువ గరుకుదనాన్ని చెప్పే అంకె) 0.025, పొడవునా వాలు 4,000కి 1, సెకనుకు 4 ఘనపు మీటర్ల నీళ్ళు పోవాలి. నీటి లోతెంత? లోతు సూత్రంలో రెండు మూడు చోట్ల ఇరుక్కుని ఉంటుంది, ఒకవైపుకు లాగడం కుదరదు. ఒక అంచనాతో మొదలెట్టి దాన్నే సవరిస్తూ పోయే న్యూటన్ పద్ధతికి మొదటి అంచనాగా సున్నా ఇస్తే అక్కడ వంపు చదునుగా ఉంటుంది, సున్నాతో భాగించాల్సొచ్చి ఆగిపోతుంది. మధ్యలో లోతు రుణాత్మకమైతే రుణసంఖ్యకు భిన్న ఘాతం తగిలి మళ్ళీ ఎర్రర్. కాబట్టి సాల్వర్ అంచనా అడగకూడదు, హద్దులు అడగాలి. 0.1, 3 అని ఇస్తే చాలు. రెండు చివర్లలో గుర్తు మారిందో లేదో చూసుకుని లోపలే వెతకాలి, బయటికి దూకకూడదు. జవాబు 1.37 మీటర్లు.

అక్కడితో ఆగకూడదు కూడా. ఆ మ్యానింగ్ గుణకం ఎవరూ కొలిచింది కాదు. గడ్డి మొలిచిన కాలువకు 0.030 అనుకుంటే లోతు 1.51 మీటర్లు అవుతుంది. గుణకంలో ఆ కాస్త మార్పుకే 13-14 సెంటీమీటర్ల తేడా వస్తుంటే 1.370284 అని ఆరు దశాంశాలు చూపించడం మోసం. ఇన్‌పుట్‌ను 0.025 నుంచి 0.030 దాకా అని ఇవ్వగలగాలి, జవాబు 1.37 నుంచి 1.51 అని రావాలి. గట్టు ఎత్తు ఎంత వదలాలో అప్పుడు నిర్ణయించుకోవచ్చు. ఈ ఒక్క సదుపాయం కోసం మిగతావన్నీ వదులుకోవాల్సొచ్చినా నేను వదులుకుంటాను.

కొలతల పేర్లు సంఖ్యకు అతుక్కుని ఉండాలి. హెచ్‌పీ 48లో 1990లోనే ఇది ఉంది: మీటర్లకు కిలోగ్రాములు కలపబోతే ఒప్పుకోదు. మన వైపు అవసరాలు మనం చేర్చుకోగలగాలి. ఎకరం, సెంటు, క్యూసెక్కు, టీఎంసీ ముందే ఉండాలి. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే వచ్చేంత. సోమశిల నిండు సామర్థ్యం 78 టీఎంసీలు, కండలేరు 68. ఎన్ని క్యూసెక్కులు వదిలితే ఎన్నాళ్ళొస్తాయో ఒక్క వరసలో తేలాలి. వడ్లకు నెల్లూరు పుట్టి 850 కిలోలు. అంకణం మాత్రం ప్రమాదకరం: నెల్లూరులో 72 చదరపు అడుగులు, 36గా లెక్కేసే చోట్లూ ఉన్నాయి. అందుకని సొంత కొలమానం పెట్టుకునేటప్పుడు ఊరి పేరుతో సహా పెట్టుకోవాలి, తెర మీద ఆ పేరు కనబడాలి. రొయ్యల కౌంటు కూడా ఇలాంటిదే. కిలోకు ఎన్ని అని కాబట్టి పెరిగేకొద్దీ సంఖ్య తగ్గుతుంది. లక్ష సీడ్, 80 శాతం బతికాయి, 60 కౌంటు అంటే 1,333 కిలోలు. గుణించాల్సినచోట భాగించి, భాగించాల్సినచోట గుణించి మేత లెక్క తప్పేది ఇక్కడే.

కోణాలదీ అదే జబ్బు. 79.5830 అని కొడితే అది 79 డిగ్రీల 58 నిమిషాల 30 సెకన్లా, లేక దశాంశ డిగ్రీలా? రెండోదైతే 79 డిగ్రీల 34 నిమిషాల 58.8 సెకన్లు. కోణాలు కొలిచే థియోడలైట్ చదివినవాడు మొదటి అర్థంలో కొడతాడు, ఫోన్ జీపీఎస్ రెండో అర్థంలో చూపిస్తుంది. కోణం అనేది వేరే రకపు సంఖ్యగా ఉండి తన రూపాన్ని తనతోనే మోయాలి. డిగ్రీ, రేడియన్ మోడ్ అంటూ యంత్రం మొత్తానికీ ఒకటే స్విచ్ అసలు ఉండకూడదు. అలాగే 2 ఘాతం 3 ఘాతం 2 టీఐ-84లో 64, గణిత సంప్రదాయంలో 512. ముందు సంఖ్యలు, తర్వాత పని అనే ఆర్‌పీఎన్ పద్ధతిలో ఈ తగువే రాదు, బ్రాకెట్లూ ఉండవు. నేను ఆర్‌పీఎన్ పక్షమే. ఇష్టం లేనివాళ్ళకు మామూలు పద్ధతీ ఉండాలి, కానీ లోపల తాను ఎలా బ్రాకెట్లు పెట్టుకుందో తెర మీద చూపించి తీరాలి.

ఒంటి సంగతికొస్తే, తెర వెనక దీపం లేని మెమరీ ఎల్‌సీడీ కావాలి. 400 అడ్డం, 240 నిలువు. ఎండ పెరిగేకొద్దీ ఇంకా స్పష్టంగా కనబడుతుంది, బొమ్మ మారనప్పుడు దాదాపు కరెంటే తాగదు. వెనక దీపంతో వెలిగే రంగుల తెరలు మే నెల మధ్యాహ్నం గట్టు మీద ఏమీ చూపించలేవు. పాతకాలపు ఎల్‌సీడీలు వేడికి నల్లబడతాయి, ఎందుకంటే ద్రవ స్ఫటికం తిరగడానికి కావాల్సిన వోల్టేజీ వేడితో తగ్గుతుంది. టీఐలో సెకండ్ కీ తర్వాత కింది బాణం నొక్కుతూ పల్చబరచాలి. నా యంత్రంలో లోపలి ఉష్ణోగ్రత సెన్సరే ఆ పని చేయాలి. టచ్ వద్దు, తడి చేతికీ గ్రానైట్ దుమ్ముకీ అది పనికిరాదు. కీలు రెండు రంగుల ప్లాస్టిక్‌ను ఒకదానిలో ఒకటి పోతపోసినవి కావాలి, అచ్చు వేసినవైతే అక్షరాలు అరిగిపోతాయి. నొక్కు దిగినట్టు వేలికి తెలియాలి, తెలిసిన ప్రతిసారీ తెర మీద అంకె పడాలి.

బ్యాటరీ కావలిలోనో కందుకూరులోనో కిరాణా కొట్లో దొరికేది కావాలి: రెండు మామూలు పెన్సిల్ సెల్స్. ఛార్జింగ్ సెల్ 1.2 వోల్టులే ఇస్తుంది కాబట్టి, ఒక్కో సెల్ 0.9కి దిగేదాకా నడిచేలా సర్క్యూట్ ఉండాలి. వాడకుండా నెలల తరబడి వదిలేస్తే ఆల్కలైన్ సెల్స్ కారతాయి. తెల్లటి పొడి కనబడితే దూదితో వెనిగర్ అద్ది తుడిచి, పూర్తిగా ఆరాక కొత్త సెల్స్ వేయాలి. సముద్రపు గాలికి స్ప్రింగులు పచ్చబడతాయి, అందుకే సెల్స్ గదికి రబ్బరు అంచు ఉండాలి.

ప్రోగ్రాములు ర్యామ్‌లో ఉండకూడదు. టీఐలో ర్యామ్ క్లియర్డ్ అని ఒక్కసారి పడితే ఆర్కైవ్ చేయనివన్నీ పోతాయి. రాసిన ప్రతి వరసా అప్పుడే కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ మెమరీలోకి పోవాలి. యూఎస్‌బీ-సీ తీగ పెడితే పెన్‌డ్రైవ్‌లా కనబడి, ప్రోగ్రాములు మామూలు టెక్స్ట్ ఫైళ్ళుగా ఉండాలి. తీగ లేనప్పుడు ఫలితాల పట్టికను క్యూఆర్ కోడ్‌గా చూపిస్తే ఫోన్ చదువుకుంటుంది. 2015 నాటి ఎఫ్ఎక్స్-991ఈఎక్స్‌లోనే క్యూఆర్ ఉంది, ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. ప్రోగ్రాము అడిగే ప్రశ్నలు తెలుగులో ఉండాలి: లోతు ఎంత, పీహెచ్ ఎంత. వత్తులతో సహా చదవగలిగేలా తెలుగు వరసకు పాతిక చుక్కల ఎత్తయినా కావాలి, 240 చుక్కల తెరకు తొమ్మిది వరసలు పడతాయి. లెక్క రాసేవాడు ఒకడు, రోజూ వాడేవాడు వేరొకడు అయినచోట ఇది సౌకర్యం కాదు, అవసరం.

ఈ యంత్రం ఇంకా ఎవరూ చేయలేదు. అందాకా దీనికి దగ్గరగా ఉన్నది ఫ్రీ42 అనే ఆర్‌పీఎన్ కాలిక్యులేటర్ యాప్. ఉచితం, ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ నడుస్తుంది, డెసిమల్ రకంలో 34 అంకెలున్నాయి. ఎండలో కనబడదు, తడి చేతికి పలకదు, కానీ లెక్క నికార్సైనది. అమ్మోనియా ప్రోగ్రాము అందులో ఇలా రాసుకోవచ్చు. ముందు ఉష్ణోగ్రత కొట్టి ఎంటర్, తర్వాత పీహెచ్. ప్రోగ్రాములో వరసగా: రెండూ తారుమారు చేసే కీ, 273.15 కూడిక, ఒకటి బై ఎక్స్, 2729.92 గుణకారం, 0.09018 కూడిక, మళ్ళీ తారుమారు, తీసివేత, పది ఘాతం ఎక్స్, 1 కూడిక, ఒకటి బై ఎక్స్, 100 గుణకారం. 30 ఎంటర్ 8.5 ఇస్తే 20.2 రావాలి, 30 ఎంటర్ 7.5 ఇస్తే 2.5. మొదటిదానికి 20.2 బదులు 79.8 వస్తే రెండో తారుమారు మర్చిపోయారన్నమాట.